ఉప్పుకీ వేడికీ కూడా పల్లం తెలుసు

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంటి పట్టెమంచం మీద ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు. అన్నయ్య కూతురిది కెమికల్, అక్క కొడుకుది సివిల్, మా అమ్మాయిది మెటలర్జీ అండ్ మెటీరియల్స్. పండగ అవగానే ముగ్గురికీ పరీక్షలు. అరిసెల పళ్లెం అందుకోబోతూ నోట్సుల వైపు చూశాను. మూడింటిలోనూ ఒకే సమీకరణం. ఒక దానిలో గుణకం పేరు ఆల్ఫా, మరొక దానిలో డి, ఇంకొక దానిలో సీవీ. ఆల్ఫా ఉన్నచోట మారుతున్నది ఉష్ణోగ్రత, డి ఉన్నచోట గాఢత, సీవీ ఉన్నచోట మట్టి రంధ్రాల్లోని నీటి పీడనం. పేర్లు తీసేస్తే మిగిలేది అక్షరం పొల్లు పోకుండా ఒకటే.

"ఇది హీట్ ట్రాన్స్‌ఫర్ బాబాయ్" అంది ఒకతె. "కాదు మామయ్యా, ఇది సాయిల్ మెకానిక్స్‌లో కన్సాలిడేషన్" అన్నాడు వాడు. "నాన్నా, ఇది ఫిక్ రెండో సూత్రం, కార్బన్ స్టీల్లోకి ఎంత లోతు వెళ్తుందో చెబుతుంది" అని మా అమ్మాయి. పక్కవాళ్ల నోట్సులోకి తొంగిచూసే దాకా తామందరూ ఒకే పాఠం బట్టీ పడుతున్నామని ముగ్గురికీ తెలియదు.

తప్పు పిల్లలది కాదు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజు నుంచే ఈ బ్రాంచీలు మూడు వేర్వేరు ఊళ్లన్నట్లు చెబుతాం. కంప్యూటర్ సీటు రానివాళ్లకు మిగిలిన ఊళ్లన్నట్లు కూడా చెబుతాం, అది వేరే బాధ. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్ఐటీలో ఈ మూడు బ్రాంచీలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. కానీ టైంటేబుల్ గోడ ఇటుక గోడ కంటే మందం. మూడు సిలబస్‌ల మధ్యలో ఉన్న ఆ ఒక్క దారాన్ని పట్టుకుంటే, గోదావరి డెల్టాలో రోజూ కళ్ల ముందు జరిగే చాలా సంగతులు దానికే వేలాడుతూ కనిపిస్తాయి.

నీరు పల్లమెరుగు అంటారు మనవాళ్లు. 1822లో ఫ్రాన్సులో ఫోరియే అనే గణిత శాస్త్రజ్ఞుడు వేడి గురించి రాసిన గ్రంథంలో చెప్పింది, నిజానికి, వేడి కూడా పల్లమెరుగునని. వేడిగా ఉన్నచోటి నుంచి చల్లగా ఉన్నచోటికి పోతుంది. ఉష్ణోగ్రత వాలు ఎంత నిటారుగా ఉంటే అంత వేగంగా పోతుంది. 1855లో ఫిక్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఉప్పుకూ అదే వర్తిస్తుందన్నాడు. చిక్కటి చోటి నుంచి పలచటి చోటికి. మరుసటి ఏడాది, అంటే 1856లో, దిజాన్ పట్టణానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు దార్సీ, నిలువు గొట్టంలో ఇసుక నింపి నీరు వదిలి చూసి, ఇసుకలో ఊరే నీటికీ అదే లెక్క అని తేల్చాడు. ముగ్గురూ రాసింది ఒకే వాక్యం: ప్రవాహం అంటే వాలును ఒక గుణకంతో హెచ్చించినది. ఆ గుణకమే పదార్థం స్వభావం. ఇసుకకు ఒకటి, బంకమట్టికి మరొకటి. ఈ రెండింటి మధ్య తేడా లక్ష రెట్లు ఉండటం మామూలే.

దీనికి ఇంట్లో పద్దు రాసుకునే లెక్క ఒకటి తోడవాలి. వచ్చింది, పోయింది, మిగిలింది. కెమికల్ వాళ్లకు ఈ పద్దునే రెండో సంవత్సరంలో ఒక పూర్తి సబ్జెక్టుగా చెబుతారు. గోడలో ఒక పలచటి పొరను ఊహించుకోండి. ఎడమవైపు వాలు నిటారుగా, కుడివైపు వాలు మెత్తగా ఉంటే, వచ్చే వేడి ఎక్కువ, పోయే వేడి తక్కువ. తేడా ఆ పొరలోనే మిగిలి దాన్ని వేడెక్కిస్తుంది. రెండువైపులా వాలు సమానంగా ఉంటే వచ్చిందంతా పోతుంది, ఏమీ మారదు. అంటే వాలు ఎక్కడ వంగితే అక్కడే మార్పు. మంచం మీది మూడు నోట్సుల్లో ఉన్న సమీకరణం ఇంతే. గ్రీకు అక్షరాలు చూసి భయపడిన వాళ్లు ఈ పేరా మరోసారి చదవండి.

ముందుగా ఏటిగట్టు దగ్గరకు వెళ్దాం, ఎందుకంటే అక్కడ ఈ వాలు ప్రాణాల మీదికి వస్తుంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరదలో గట్టు పైనుంచి నీరు పొర్లడం అందరికీ కనిపించే ప్రమాదం. కనిపించని ప్రమాదం గట్టుకు ఊరివైపు, పాదం దగ్గర మొదలవుతుంది. పొడినేలలో గుండ్రంగా ఒక చోట నీరు బుడగలు కడుతూ ఉబుకుతుంది. చుట్టూ సన్నటి ఇసుక చిన్న పుట్టలా పేరుకుంటుంది. ఏట్లో నీటిమట్టం ఊరి నేల కంటే 3 మీటర్లు ఎత్తున ఉందనుకోండి. ఆ నీరు గట్టు కింది ఇసుకలోంచి ముప్పై మీటర్లు దారి చేసుకుని ఇటువైపు తేలుతోంది. సగటు వాలు పదింట ఒకటే. కానీ బయటపడే చోట దారులన్నీ ఒకచోట కూడి వాలు నిటారవుతుంది. ఇసుకకు ఆ వాలు దాదాపు 1కి చేరితే, పైకి వచ్చే నీటి తోపు ఇసుక రేణువుల బరువుతో సమానమవుతుంది. అప్పుడు ఇసుకకు బరువుండదు, నీళ్లలా ప్రవర్తిస్తుంది. రేణువులు కొట్టుకుపోతే కింద బొరియ పడుతుంది. బొరియ ఏటివైపు పాకేకొద్దీ మిగిలిన దారి చిన్నదవుతుంది, వాలు ఇంకా పెరుగుతుంది.

కొత్తవాడు చేసే మొదటి పని ఆ ఊటను బంకమట్టితో మూసేయడం. గట్టు మీద పాతికేళ్లు తిరిగిన లస్కరు, అంటే గట్టు కాపలా మనిషి, ఆ పని చేయనివ్వడు. ఊట చుట్టూ ఇసుక బస్తాలు బావిలా పేర్పించి, లోపల నీటిని నిలవనిస్తాడు. లోపలి నీరు అరవై సెంటీమీటర్లు పెరిగితే, ఏటికీ ఇటుకీ మట్టం తేడా 3 నుంచి 2.4 మీటర్లకు దిగుతుంది. వాలు ఆ మేరకు తగ్గుతుంది. ఊట ఆగదు, కానీ తేటపడుతుంది. తేటనీరు ఎంత వచ్చినా ఫరవాలేదు, మడ్డినీరు వస్తేనే నిద్ర పట్టదు. మూసేస్తే మాత్రం నీరు పక్కన మరో సందు వెతుక్కుంటుంది, అది ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు. ఆ లస్కరు దార్సీ పేరు విని ఉండడు. మా మేనల్లుడు దార్సీ సూత్రం మీద పది మార్కుల ప్రశ్న రాశాడు గానీ, ఈ బస్తాల సంగతి చెబితే నోరు తెరిచాడు.

ఆనకట్ట కూడా ఇదే ఊట సమస్యకు శాశ్వత రూపం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట నిలిచింది రాతినేల మీద కాదు, లోతు తెలియని ఇసుక మీద. దార్సీ సూత్రం అచ్చుకావడానికి అప్పటికి ఇంకా నాలుగేళ్లుంది. ఇసుక మీద కట్టడం ఎలా నిలబెట్టాలో కాటన్ నేర్చుకున్నది కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని చూసి. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. లెక్క తరవాత వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్లై అనే ఇంజనీరు ఒక మొరటు నియమం చెప్పాడు: నీటిమట్టం తేడాకు ఇన్ని రెట్లు పొడవున నీరు పాకాలి అని. సన్నటి ఇసుకకు ఆ సంఖ్య 15. అంటే 4 మీటర్ల తేడాకు 60 మీటర్ల దారి ఉండాలి. 1936లో ఖోస్లా అనే మన ఇంజనీరు దాన్ని సవరించాడు. మొత్తం పొడవు ఒక్కటే చూస్తే చాలదు, నీరు బయటపడే చివర వాలు ఎంతో చూడాలి, అందుకు ఆ చివర లోతుగా షీట్ పైల్, అంటే నేలలోకి దిగ్గొట్టే పలకల గోడ, దింపాలి అని. సివిల్ పిల్లలకు ఈ రెండూ వరసగా చెబుతారు. రెండో దానికి లస్కరు బస్తాలతో చుట్టరికం ఉందని మాత్రం చెప్పరు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ. ఇసుక మాత్రం అదే.

ఇంతవరకూ వాలు నిలకడగా ఉన్న సంగతి. అసలు తమాషా కాలం లెక్కలోకి వచ్చినప్పుడు మొదలవుతుంది. ఆ సమీకరణం నుంచి పుట్టే ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకుంటే మిగతాదంతా మరిచినా నష్టం లేదంటాను: దూరం రెట్టింపయితే కాలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఎందుకంటే దూరం పెరిగితే రెండు నష్టాలు ఒకేసారి. వాలు పడిపోతుంది, నింపాల్సిన సరుకూ పెరుగుతుంది.

కాకినాడ వైపు తీరం వెంట నేల తవ్వితే మెత్తటి సముద్రపు బంకమట్టి తగులుతుంది. ఎండు బరువులో సగానికి మించి నీరు పట్టి ఉండే మట్టి. దాని మీద రోడ్డుకట్ట పోస్తే ఏమవుతుంది? మూటకట్టి వేలాడదీసిన పెరుగును దించి, మీద రాయి పెట్టినట్లే. బరువు మొదట నీటి మీద పడుతుంది. నీరు మెల్లగా పక్కలకు కారిపోయే కొద్దీ బరువు గట్టి భాగానికి బదిలీ అవుతుంది, మూట కుంగుతుంది. 1920ల్లో టెర్జాఘి అనే ఇంజనీరు ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ ఈ కుంగుడుకు సమీకరణం కట్టినప్పుడు, అది ఫోరియే వేడి సమీకరణమేనని వెంటనే గుర్తుపట్టాడు. వేడి బదులు అదనపు నీటి పీడనం, అంతే తేడా.

లెక్క చూద్దాం. బంకమట్టి పొర మందం 8 మీటర్లు, పైనా కిందా ఇసుక ఉంది కాబట్టి నీరు రెండువైపులా పోతుంది, అతి దూరపు దారి 4 మీటర్లు. ఇలాంటి మట్టికి సీవీ ఏడాదికి ఒక చదరపు మీటరు అనుకుందాం. 90 శాతం కుంగుడు పూర్తవడానికి పట్టికలో ఉండే సంఖ్య 0.848. దాన్ని 4 వర్గంతో, అంటే 16తో హెచ్చిస్తే దాదాపు పదమూడున్నర ఏళ్లు. కింద ఇసుక బదులు రాయి ఉంటే దారి 8 మీటర్లు, కాలం 54 ఏళ్లు. రోడ్డు వేసిన కాంట్రాక్టరు మనవడు వచ్చి చూసుకోవాలి. పరిష్కారం కూడా ఆ వర్గంలోనే దాగి ఉంది. మట్టి స్వభావాన్ని మార్చలేం గానీ దూరాన్ని తగ్గించగలం. 1.2 మీటర్లకు ఒకటి చొప్పున నిలువునా డ్రెయిన్ పట్టీలు దింపితే నీరు పైకి నాలుగు మీటర్లు పాకనక్కర్లేదు, పక్కకు అర మీటరు జరిగితే చాలు. పదమూడున్నర ఏళ్లు ఏడాది ప్రాంతానికి వస్తాయి. వందల కిలోమీటర్ల పట్టీలు భూమిలో దించడం ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

ఆ 0.848ని పట్టుకుని అన్నయ్య కూతురి పుస్తకంలోకి వెళ్లండి. ఆమె చదువుతున్నది డ్రయింగ్, ఆరబెట్టడం. కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద సగం వెడల్పు ధాన్యానిదే. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు, యంత్రంతో కోసిన ధాన్యంలో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. అందుకని పరిచిన ధాన్యంలో మనుషులు కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తారు, వెనక చాళ్లు పడతాయి. గింజ పైనున్న తడి మొదట చకచకా పోతుంది. గాలి, ఎండ ఎంత ఉంటే అంత. కెమికల్ పుస్తకం దీన్ని స్థిర వేగ దశ అంటుంది. తరవాత వేగం పడిపోతుంది. ఇక ఎండ ఎంత కాసినా లాభం తక్కువ, ఎందుకంటే గింజ లోపలి తేమ పైకి పాకి రావాలి, దాని వేగం దానిది. ఆ దశకు రాసే సూత్రం, మా మేనల్లుడు బంకమట్టికి రాసే సూత్రం పక్కపక్కన పెట్టించాను. ఎనిమిదిని పై (3.14) అనే సంఖ్య వర్గంతో భాగించిన అదే గుణకం, అదే ఘాతం. గింజను పలక అనుకుంటే, లోపలి తేమలో 90 శాతం పోవడానికి కావలసిన సంఖ్య కూడా 0.848. పిల్లలిద్దరూ కాసేపు మాట్లాడలేదు.

ఇక్కడే నూక సంగతీ ఉంది. మిల్లు డ్రయ్యరులో తొందరపడి మంట పెంచితే గింజ పైపొర ఎండి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడి ఉబ్బు. పైపొర సాగలేక చీలుతుంది. చీలిక కంటికి కనిపించదు, మిల్లాడించినప్పుడు నూకై బయటపడుతుంది. అందుకే తెలిసినవాళ్లు కొంతసేపు ఆరబెట్టి, కొన్ని గంటలు కుప్పపోసి ఊరుకుని, మళ్లీ ఆరబెడతారు. ఊరుకున్న ఆ గంటల్లో తేమ లోపలి నుంచి పైకి సర్దుకుంటుంది. ఉప్పుడు బియ్యం చేసే మిల్లుల్లో ఈ ఓపిక లేకపోతే సరుకు ధర పడిపోతుంది. మా అమ్మాయి దీన్ని వినగానే క్వెంచ్ క్రాక్ అంది. ఎర్రగా కాల్చిన స్టీలును ఒక్కసారి నీళ్లలో ముంచితే పైభాగం, లోపలి భాగం వేర్వేరు సమయాల్లో కొలతలు మార్చుకుని పగుళ్లిచ్చే సంగతి. కారణంలో కొంత తేడా ఉంది, స్టీల్లో స్ఫటిక నిర్మాణం కూడా మారుతుంది. కానీ పోలిక తప్పు కాదు.

ఆమె సబ్జెక్టులో అసలు ఉదాహరణ కార్బ్యురైజింగ్. కోత యంత్రం గేరు పళ్లు పైన గట్టిగా అరగకుండా ఉండాలి, లోపల విరగకుండా మెత్తగా ఉండాలి. అందుకని తక్కువ కార్బన్ ఉన్న స్టీలును 900 డిగ్రీల పైన కార్బన్ ఇచ్చే వాయువులో ఉంచుతారు. ఒక మిల్లీమీటరు లోతుకు సుమారు ఏడెనిమిది గంటలు. రెండు మిల్లీమీటర్లు కావాలంటే పదహారు కాదు, ముప్పై గంటల దాకా. మళ్లీ వర్గమే. ఇక్కడ ఇంకో మీట ఉంది: ఉష్ణోగ్రత. కాస్త పెంచితే వ్యాపన గుణకం, అంటే ఆమె నోట్సులోని డి, గబగబా పెరుగుతుంది. బంకమట్టికి ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు మూడు పుస్తకాలూ ఒకేసారి తెరవాల్సిన చోటికి వద్దాం. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో పదిహేనేళ్ల నాటి డాబా ఇల్లు చూడండి. స్తంభం మూల వెంట నిలువుగా సన్నటి పగులు, దాని మీద తుప్పు చార. వేలితో తడితే డొల్ల చప్పుడు. మరో రెండేళ్లకు పెచ్చు ఊడి కమ్మీ బయటపడుతుంది.

మంచి కాంక్రీటు రంధ్రాల్లో ఉండే నీటి పీహెచ్ 12.5 పైనే. అంత క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించని పలచటి ఆక్సైడు పొర ఏర్పడి కాపు కాస్తుంది. ఇది కెమిస్ట్రీ. ఉప్పులోని క్లోరైడు కమ్మీ దాకా చేరితే ఆ పొరకు అక్కడక్కడ చిల్లులు పడతాయి, తుప్పు మొదలవుతుంది. ఇది మెటలర్జీ. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. ఇది సివిల్. ఇక క్లోరైడు లోపలికి ఎన్నాళ్లకు చేరుతుందన్నది ముగ్గురిదీ. ఒక మోస్తరు మంచి కాంక్రీటుకు వ్యాపన గుణకం సెకనుకు చదరపు మీటరులో లక్ష కోట్లవ వంతు, అంటే ఏడాదికి ముప్పై చదరపు మిల్లీమీటర్ల చిల్లర. కమ్మీ మీద కవరు, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, 25 మిల్లీమీటర్లు ఉంటే ఉప్పు చేరడానికి పట్టే కాలం సుమారు ఐదేళ్లు. 50 మిల్లీమీటర్లు ఉంటే ఇరవై. అంగుళం మందం మిగిల్చి పదిహేనేళ్లు పోగొట్టుకుంటాం. ఇది స్థూలమైన లెక్క, అసలు నిర్మాణంలో తడి పొడి మారుతూ ఉండటం, ఉప్పు కొంత సిమెంటుకే అతుక్కుపోవడం వంటివి ఉంటాయి. కానీ నిష్పత్తి ఎటూ పోదు. ఐ.ఎస్. 456 ప్రమాణం తీర వాతావరణానికి 45, సముద్రపు తుంపర పడేచోట 50 మిల్లీమీటర్ల కవరు అడగడానికి మూలం ఈ వర్గమే. పల్లెలో కట్టే ఇళ్లకు మాత్రం కవరు బిళ్లలు పెట్టడం మేస్త్రి దయ. కమ్మీల బుట్ట నేరుగా చెక్కకు ఆనించి కాంక్రీటు పోసిన స్తంభాలు నేను కళ్లారా చూశాను.

గుణకం కూడా మన చేతిలోనే ఉంది, అదీ బకెట్టు రూపంలో. నీటికీ సిమెంటుకీ బరువులో 0.45 నిష్పత్తి అంటే 50 కిలోల సిమెంటు బస్తాకు ఇరవై రెండున్నర లీటర్ల నీరు. సిమెంటు రసాయనికంగా బంధించుకునేది తన బరువులో నాలుగో వంతుకు కాస్త తక్కువే. మిగిలిన దానిలో కొంత సన్నటి జెల్ రంధ్రాల్లో ఉండిపోతుంది. అంతకు మించి పోసిన ప్రతి లీటరూ ఆరిపోయాక ఖాళీ సందులుగా మారి ఉప్పుకు బాట వేస్తుంది. జారుగా ఉంటే పని సులువని మేస్త్రి ఇంకో బకెట్టు ఒంపుతాడు, ఆ పక్కనే యజమాని కాఫీ తాగుతుంటాడు. మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊక బూడిద ఇక్కడ పనికొస్తుంది. అందులో అత్యధిక భాగం సిలికా. ఊకను 700 డిగ్రీలు మించకుండా కాలిస్తే ఆ సిలికా నిరాకారంగా ఉండి, సిమెంటు విడిచిన సున్నంతో కలిసి రంధ్రాలు పూడుస్తుంది. ఎక్కువ వేడిలో కాల్చితే స్ఫటికంగా మారి ఉత్త ఇసుకలా మందకొడి అవుతుంది. ఒకే ఊక, ఒకే బాయిలరు, మంట తేడాతో విలువ తేడా. మెటీరియల్స్ సబ్జెక్టు ఎందుకని అడిగేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇదంతా ఉప్పు బయటి నుంచి వచ్చినప్పటి మాట. తీరపు ఊళ్లలో చాలాసార్లు అది కాంక్రీటు కలిపే బోరు నీటితోనే లోపలికి వస్తుంది. కమ్మీ ఉండే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. నోటికి కాస్త ఉప్పదనం తెలిసే నీరంటే ఆ హద్దు దగ్గరలోనో అవతలో ఉన్నట్లే. అలాంటి నీటితో కలిపిన స్తంభానికి యాభై కాదు, వంద మిల్లీమీటర్ల కవరు ఇచ్చినా ఉపయోగం లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, వ్యాపన సమీకరణం అసలే పట్టలేదు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు ఈ లెక్క వేరే మారువేషంలో వస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటుతుంది, రాత్రంతా నాచు కూడా శ్వాసిస్తుంది గాబట్టి. ఏరేటరు తెడ్లు చేసే పని నీటి ఉపరితలాన్ని చిందరవందర చేసి గాలికి తగిలే వైశాల్యం పెంచడం. 1920ల్లో విట్‌మన్, లూయిస్ చెప్పిన రెండు పొరల సిద్ధాంతం ప్రకారం ఆక్సిజన్ దిగే వేగం, నీరు పట్టగల గరిష్ఠానికీ ఇప్పుడు ఉన్నదానికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. ముప్పై డిగ్రీల మంచినీటికి ఆ గరిష్ఠం లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు, ఉప్పునీటికి ఇంకా తక్కువ. మంచినీటి లెక్కే తీసుకుంటే, తెల్లవారుజామున 3 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు తేడా నాలుగున్నర. మధ్యాహ్నం 7 ఉన్నప్పుడు తేడా అర. అదే మోటారు, అదే కరెంటు బిల్లు, ఫలితం తొమ్మిదో వంతు. మిట్టమధ్యాహ్నం నాచు పుణ్యమా అని ఆక్సిజన్ గరిష్ఠం దాటి ఉంటే ఏరేటరు దాన్ని గాలిలోకి తోలేస్తుంది కూడా. అడుగు నీటినీ పై నీటినీ కలపడానికి పగలు కాసేపు తిప్పడం వేరే సంగతి, అది గాలి నుంచి ఆక్సిజన్ దించడానికి కాదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక లేకపోతే నేనూ అన్ని రోగాలకూ ఒకే మాత్ర ఇచ్చేవాడినవుతాను. దూలం ఎంత బరువు మోస్తుంది, ఇనుము కార్బన్ పటంలో ఏ గీత దాటితే ఏమవుతుంది, రియాక్టరులో చర్య ఎంత వేగంగా జరుగుతుంది అన్నవాటికి ఈ వాలు సూత్రంతో నేరుగా పని లేదు. ఆ మూడూ మూడు బ్రాంచీల సొంత ఆస్తులు, వాటి కష్టం వాటికి పడాల్సిందే. నీటి విషయంలోనే సూత్రం చెల్లని చోటు మన ఇంటి ముందు ఉంది. ఇసుకలో నీరు వాలు రెట్టింపయితే రెట్టింపు వేగంతో పోతుంది. కాలువలో అలా కాదు. సుడులు తిరిగే నీటిలో వాలు నాలుగు రెట్లయితేగాని వేగం రెట్టింపు కాదు. కాలువ వేగం లెక్కకు వాడే మానింగ్ సూత్రంలో వాలుకు వర్గమూలం ఉండేది అందుకే. డెల్టా కాలువలకు వాలే తక్కువ, దాన్ని పెంచే అవకాశం లేదు. అందుకని వేగమంతా ఆ సూత్రంలోని గరుకుదనం అంకె మీద ఆధారపడుతుంది. శుభ్రమైన మట్టి కాలువకు పుస్తకంలో 0.025 ప్రాంతంలో ఇస్తారు. అది రెట్టింపయితే అదే మట్టంలో వేగం సగం.

మా మేనల్లుడు రికార్డులో ప్రతి కాలువకూ 0.025 వేసి లెక్కలన్నీ చక్కగా తేల్చాడు. సాయంత్రం వాణ్ణి మా ఊరి పంట కాలువ గట్టుకు తీసుకువెళ్లాను. ఈ దరి నుంచి ఆ దరి దాకా గుర్రపు డెక్క, మధ్యలో ఊదా పూలు. నీరు కదులుతోందో లేదో తెలియడానికి ఒక పుల్ల వేసి చూడాల్సి వచ్చింది. "దీనికి ఎంత వేయాలి మామయ్యా?" అన్నాడు.